రావ్4కి 17 అంగుళాల వింటర్ టైర్లు: కెనడాలోని ఒట్టావాలో ఐదు చలికాలాల అనుభవం

మా బండి 2020 టొయోటా రావ్4 లిమిటెడ్. కొన్నప్పుడు దానికి 235/55ఆర్19 టైర్లు ఉన్నాయి. ఆ నవంబరులో వింటర్ టైర్ల (చలికి బిగుసుకోని మెత్తటి రబ్బరువి) కోసం వెళ్తే షాపతను అదే సైజు చూపించాడు. నేను మాత్రం 17 అంగుళాల ఇనప రిమ్ములు, వాటికి 225/65ఆర్17 మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో టైర్లు తీసుకున్నాను. ఇప్పటికి ఐదు చలికాలాలు, దాదాపు 36 వేల కిలోమీటర్లు తిరిగాయి. కొత్తగా వచ్చిన మనవాళ్లు నన్ను అడిగేదంతా ఏ కంపెనీ మంచిదని. సైజు సంగతి ఎవరూ అడగరు, నాకేమో ముందు అదే చెప్పాలనిపిస్తుంది.

225 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే రిమ్ము నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు ఎత్తు. 17 అనేది అంగుళాల్లో రిమ్ము సైజు. ఈ లెక్కన పాత టైరు మొత్తం ఎత్తు 741 మి.మీ., కొత్తది 724. తేడా 2.3 శాతం. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే బండి మునుపటికన్నా రెండు కిలోమీటర్లు తక్కువ వేగంతో వెళ్తుంది, అంతే. షాపులో ఇంకొకతను 235/65ఆర్17 వేసుకోమన్నాడు. దాని ఎత్తు 737, పాతదానికి ఇంకా దగ్గర. అయినా నేను ఒప్పుకోలేదు. 225/65ఆర్17 ఇదే మోడల్‌లో కింది రకాలకు టొయోటా వాళ్లే బిగించి ఇచ్చే సైజు. బ్రేకులకు రిమ్ము తగులుతుందేమో, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు రాసుకుంటుందేమో అన్న టెన్షన్ ఉండదు. బరువు నంబరు కూడా చూడండి. పాత టైర్ల మీద 101 ఉండేది, అంటే ఒక్కో టైరు 825 కిలోలు మోస్తుంది. కొత్తది అంతకన్నా తగ్గకూడదు.

చిన్న రిమ్ముతో నాకు బాగా కలిసొచ్చింది గుంతల దగ్గర. మార్చిలో మంచు కరిగి రోడ్లు పగిలిపోతాయి. సైడ్‌వాల్ 17 మి.మీ. ఎక్కువ ఉండటంతో దెబ్బ రబ్బరే తీసుకుంటుంది. ఐదేళ్లలో ఒక్క రిమ్ము కూడా వంగలేదు. లోతు మంచులో కొంచెం సన్నటి టైరు కిందికి కోసుకుంటూ పోతుంది. 19 అంగుళాలవైతే టైర్లకే 500 డాలర్ల దాకా ఎక్కువయ్యేవి.

గట్టి ఐసు మీద సైజుకన్నా రబ్బరు ముఖ్యం. చలి 7 డిగ్రీలకు దిగితే మామూలు టైరు బిగుసుకుపోవడం మొదలవుతుంది. 2023 మార్చి చివర్లో ఎండ చూసి వీటిని తీసేసి మామూలు టైర్లు వేయిద్దామనుకున్నాను. మా ఆవిడ ఇంకో వారం ఆగమంది. ఏప్రిల్ 5న గడ్డకట్టే వాన పడింది. చెట్ల కొమ్మలు విరిగిపడుతున్నాయి, కరెంటు లేదు, సిగ్నళ్లు ఆరిపోయాయి. పిల్లలను తీసుకుని బార్‌హేవెన్‌లోని ఇంటికి నెమ్మదిగా వస్తుంటే ప్రతి కూడలి దగ్గరా బండి అనుకున్న చోటే ఆగింది. ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పడం) ఉంది కదా, ఈ టైర్లెందుకు అనే తమ్ముళ్లకు నేను ఈ రోజు గురించే చెబుతాను. కదలడానికి అది పనికొస్తుంది, ఆగడానికి కాదు.

నచ్చనివీ ఉన్నాయి. పొడి రోడ్డు మీద, హైవే దిగే మలుపుల్లో, బండి కాస్త మెత్తగా ఊగుతుంది. మొదటి రెండు వారాలు అలవాటు పడాలి. మొదటి ఏడాది బిగించిన షాపులో, టైర్లలో గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు వేయనే లేదు. చలికాలమంతా హెచ్చరిక లైటు వెలుగుతూనే ఉంది. మరుసటి ఏడాది మళ్లీ డబ్బు పెట్టి వేయించాను. రిమ్ములు కొన్నప్పుడే సెన్సర్లు ఉన్నాయా అని అడగండి. చలి పెరిగేకొద్దీ గాలి తగ్గుతుంది, నెలకోసారైనా చూసుకోవాలి. టైర్లు మార్చాక వంద కిలోమీటర్ల లోపు చక్రాల నట్లు మళ్లీ బిగించుకోవాలి.

నది అవతలి గాటినో ఊరు కెబెక్ రాష్ట్రంలో ఉంది. అక్కడ రిజిస్టరైన బండ్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. ఇటు మా ఒంటారియో రాష్ట్రంలో అలాంటి చట్టం లేదు గానీ, ఇన్సూరెన్సులో తగ్గింపు ఇస్తారు, అడిగి తీసుకోండి.

ఈ వసంతంలో కొలిస్తే టైర్ల గాడుల లోతు 5 మి.మీ. ఉంది. 4కు తగ్గితే మంచు రోడ్డు మీద వాడొద్దని కెనడా రవాణా శాఖ చెబుతోంది. ఇంకో చలికాలం నడిపి, మళ్లీ ఇదే సైజు కొంటాను.