కేటలేజ్ చూపించాలంటే: మేక కార్జమా, ఉర్లగడ్డా?

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టే కేటలేజ్ ఎంజైమ్ చూపించడానికి నాకు రెండు దారులు. గోరంత పచ్చి కార్జం ముక్క మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ బుసబుసా పొంగి టెస్ట్ ట్యూబ్ అంచు దాటుతుంది, గాజు వేడెక్కుతుంది. ఉర్లగడ్డ ముక్క చుట్టూ సన్నటి బుడగలే, అవీ నిదానంగా.

కాలేయంలో ఈ ఎంజైమ్ అంత దండిగా ఉంటుంది. 1937లో సమ్నర్, డౌన్స్ అనే శాస్త్రవేత్తలు దీన్ని స్ఫటికాలుగా తీసింది కూడా పశువుల కాలేయం నుంచే.

ఉర్లగడ్డ చవక, నీచు వాసన ఉండదు. శనివారమైతే నేనూ దాంతోనే కానిచ్చేస్తాను.

అయినా నా మొగ్గు కార్జం వైపే. బాగా ఉడికించిన ముక్క మీద పోస్తే ఒక్క బుడగా రాదు. ‘ఏమైంది సార్?’ అంటారు పిల్లలు. వేడికి ఎంజైమ్ ఆకారం చెడిపోయిందని అప్పుడు చెబితే మర్చిపోరు.