క్రాస్‌బోతో ఆరు సీజన్లు

అమెరికాలోని ఒహాయోలో జింకల వేట నేను మొదలుపెట్టింది కాంపౌండ్ విల్లుతో, అంటే కప్పీలున్న విల్లుతో. నాలుగేళ్ళు వాడాక కుడి భుజం ఫ్రోజెన్ షోల్డర్ అయ్యి చెయ్యి వెనక్కి రాకుండా పోయింది. అప్పుడు కొన్నదే ఈ క్రాస్‌బో, అంటే తుపాకీలా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు. నారి లాగడానికి పట్టే బలం, అంటే లాగే బరువు 175 పౌండ్లు, బాణం వేగం సెకనుకు 370 అడుగులని పెట్టె మీద రాసి ఉంది. కంపెనీ పేరు చెప్పను, ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆరు సీజన్లలో ఐదు జింకలు ఇంటికొచ్చాయి, ఒకటి రాలేదు. ఆ రానిదాని గురించే ఎక్కువ రాయాలి.

ముందు సుఖాలు. కొన్న రోజు సాయంత్రానికే ముప్ఫై గజాల్లో బాణాలన్నీ టీ కప్పు సాసరంత మేరలో పడ్డాయి. కాంపౌండ్‌తో ఆ స్థితికి రావడానికి నాకు ఒక వేసవంతా పట్టింది, అదీ రోజుకి నలభై బాణాలు వేస్తే. నా కాంపౌండ్ 60 పౌండ్లది. పూర్తిగా లాగాక చేతి మీద 12 పౌండ్లే ఉంటాయి కానీ, ఆ లాగే కదలికనే జింక పసిగడుతుంది. క్రాస్‌బోని ముందే ఎక్కుపెట్టి ఒళ్ళో పెట్టుకుంటే అంత కదలాల్సిన పని లేదు. తాడు కొక్కేలు తగిలించి లాగితే బరువు సగానికి తగ్గుతుంది కాబట్టి నా భుజం కూడా ఒప్పుకుంది. జనవరి చలిలో నాలుగు పొరల బట్టలు వేసుకున్నా నారి చొక్కా చేతికి తగులుతుందన్న బెంగ ఉండదు.

ఇక కష్టాలు. స్కోప్ (గురి చూసే దుర్బిణి), బాణాలతో కలిపి చంటిపిల్ల బరువు ఉంటుంది. మంచె మీద ఇరుకు. రెండో ఏడు ఒక ఆడజింక ఇరవై గజాల్లో నిలబడితే ట్రిగ్గర్ నొక్కాను. క్రాస్‌బో రెక్క మంచె కమ్మీకి టంగుమని తగిలి బాణం పక్కన ఓక్ చెట్టులో దిగింది. జింక తల తిప్పి నావైపు చూసి, నింపాదిగా నడిచి వెళ్ళింది. ఆ బాణం ఇప్పటికీ ఆ చెట్టులోనే ఉంది. ఇంకోటి, చీకటి పడ్డాక ఎక్కుపెట్టినదాన్ని దించాలంటే నా మోడల్‌లో ఒక పాత బాణాన్ని మెత్తటి నేలలోకి వదలాల్సిందే. నారికి మైనం రాయడం మర్చిపోతే పోగులు లేస్తాయి. బొటనవేలు పట్టాకి (నారి జారే గాడికి) పైన పెట్టకూడదని పుస్తకంలో ఎర్ర అక్షరాలతో ఎందుకు రాశారో నా గోరుకి తెలుసు.

వీటన్నిటికన్నా పెద్ద తలనొప్పి తోటి వేటగాళ్ళతో వాదన. ఒహాయో 1970ల్లోనే క్రాస్‌బోకి తలుపు తెరిచింది. ఇక్కడ విల్లు సీజన్ సెప్టెంబర్ ఆఖరి శనివారం నుంచి ఫిబ్రవరి మొదటి ఆదివారం దాకా, క్రాస్‌బోకీ అన్ని రోజులే. తుపాకీ వారం థాంక్స్ గివింగ్ పండగ (నవంబర్ నాలుగో గురువారం) తర్వాతి సోమవారం మొదలై ఏడు రోజుల్లో ముగుస్తుంది. అందుకే మా క్లబ్బులో రికర్వ్ విల్లు (కప్పీలు లేని పాతకాలం విల్లు) పట్టే పెద్దాయన నన్ను చూసి, "నువ్వు మోసేది తుపాకీయే, గుండు బదులు బాణం పెట్టావు. తుపాకీవాళ్ళకి వారం, నీకు నాలుగు నెలలా?" అంటాడు. పెన్సిల్వేనియా 2009లో క్రాస్‌బోని విల్లు సీజన్‌లోకి రానిచ్చింది. న్యూయార్క్ దక్షిణ జోన్‌లో చాలా ఏళ్ళు క్రాస్‌బోకి విల్లు సీజన్ చివరి 14 రోజులే ఇచ్చారు. ఒరెగాన్‌లో అసలు వేటకే పనికిరాదు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో ఉండే మా బావ, వాళ్ళ రాష్ట్రంలో 2014 నుంచి క్రాస్‌బోకి విడిగా లైసెన్సు పెట్టారని, దాని రోజులు తగ్గించాలని అడిగేవాళ్ళు అక్కడా ఉన్నారని చెబుతాడు. "ఒరేయ్, వీళ్ళది నీటి పంపకం గొడవలా ఉంది. కాలవ ఒకటే, తూము సైజు గురించి తగువు" అన్నాడోసారి.

నేను చాలాకాలం పెద్దాయనకి తేలిగ్గా జవాబు చెప్పేవాణ్ణి. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ కప్పీల విల్లుకి 1969లో పేటెంట్ తెచ్చుకున్నాక దాన్ని కూడా విల్లు కాదన్నవాళ్ళున్నారు కదా అనేవాణ్ణి. పైగా ఒహాయోలో ఒక మనిషికి ఏడాదికి కొమ్ముల జింక ఒకటే, ఏ ఆయుధంతో కొట్టినా సరే. కాబట్టి రోజులు ఎక్కువైతే మాత్రం వచ్చే నష్టమేంటని నా లెక్క. ఆ లెక్క ఇప్పటికీ తప్పనుకోను.

కానీ నాలుగో సీజన్, నవంబర్ మొదటి వారం. పొలం గట్టున ఆడజింక, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో 46 గజాలు. స్కోప్‌లో ఒక్కో దూరానికి ఒక్కో గురి గీత చొప్పున యాభై గజాల దాకా గీతలున్నాయి, పెట్టె మీద అంతకన్నా దూరమే రాసుంది. వదిలాను. అంత దూరం వెళ్ళడానికి బాణానికి సెకనులో మూడో వంతు కన్నా ఎక్కువే పడుతుంది. నారి చప్పుడు అంతకన్నా చాలా ముందే చేరుతుంది. చప్పుడుకి జింక ఒళ్ళు కిందకి వంచింది, బాణం వెన్నుకి దగ్గర్లో పైన తగిలింది. నెత్తురు చుక్కలు రెండు వందల గజాలు వెళ్ళి పక్కవాళ్ళ కంచె దగ్గర ఆగాయి. పరాయి భూమిలోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. ఫోన్ చేసి, వాళ్ళు సరే అనేసరికి గంటన్నర. ఈలోగా వాన మొదలైంది. మర్నాడు మధ్యాహ్నం దాకా వెతికాను. దొరకలేదు.

క్లబ్బులో చెబితే పెద్దాయన తిట్టలేదు. "ఈ వేసవిలో ఎన్ని బాణాలు వేశావు?" అని మాత్రం అడిగాడు. పదకొండు. రోజుకి నలభై వేసినవాణ్ణి, వేసవి మొత్తానికి పదకొండు.

మా అమ్మకి ఈ ఊసే చెప్పలేదు. మొదటిసారి వేట గురించి చెప్పినప్పుడే, "జింక వెనకాల పోయి రాముడు బాగుపడ్డాడా, పాండురాజు బాగుపడ్డాడా నాన్నా?" అంది. ఊళ్ళో వేటమాంసమంటే మేకమాంసమే కాబట్టి, తెచ్చింది ఏం కూరో ఆవిడకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

క్రాస్‌బో సీజన్ తగ్గించాలంటే ఇప్పటికీ నేను ఒప్పుకోను. భుజాలు పోయినవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు ఇంట్లో కూర్చోవాలా? అయితే చట్టం కొలిచేవి మాత్రం నాకు సరిపోయినట్టు లేవు. ఒహాయోలో క్రాస్‌బో కనీసం 75 పౌండ్లు ఉండాలి, బాణం మొన కనీసం ముప్పావు అంగుళం వెడల్పు ఉండాలి. నా సరంజామా రెండిట్లోనూ పాసే. డెన్మార్క్‌లో విల్లుతో వేటాడాలంటే గురి పరీక్ష నెగ్గాలి. అలాంటిది ఇక్కడ పెడితే నేను ముందు వరసలో నిలబడతాను. ఆ ఏడు ఫెయిలయ్యేవాణ్ణి కూడా.

కొనాలా వద్దా అంటే, భుజం బాగున్నవాళ్ళు ముందు కాంపౌండ్‌తో రెండేళ్ళు తిరగండి. భుజం లేనివాళ్ళు కొనుక్కోండి, కానీ మంచె కమ్మీకి రెక్క తగలకుండా ముందే కొలుచుకోండి. నారి మార్పించే ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోండి. నాది ఇప్పటికి రెండుసార్లు మార్పించాను, ఈ వేసవిలో మూడోసారి ఇస్తున్నాను. పనిలో పనిగా ఆ గీతల స్కోప్ తీయించేసి ఒకే చుక్క ఉన్నది పెట్టమన్నాను, ముప్ఫై గజాలకి సరిచేసి.