దించిన కారుకు అలైన్‌మెంట్: అనంతపురంలో ఒక షాపు పనితనం

కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు బిగించేవారు అనంతపురంలో దొరుకుతున్నారు గానీ, బిగించాక చక్రాల కోణాలను శ్రద్ధగా చూసేవారు నాకు ఒక్కచోటే కనిపించారు. సుమారు 30 మిల్లీమీటర్లు దించిన మా స్విఫ్ట్ ముందు టైర్లు, బయటి నుంచి చూస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తూ, లోపలి అంచున మాత్రం అరుగుదల గుర్తుల దాకా వచ్చేశాయి. స్టీరింగ్ పక్కకు లాగడం లేదు కనుక అలైన్‌మెంట్ అక్కర్లేదని స్ప్రింగులు బిగించినవారు చెప్పిన మాటలో పస లేదు. ముందు చక్రాలు రెండూ సమానంగా బయటికి తిరిగి ఉంటే బండి తిన్నగానే పోతుంది, టైర్లు మాత్రం రోడ్డును రాసుకుంటూనే ఉంటాయి.

44వ నంబరు జాతీయ రహదారి వైపు ఊరి శివార్లలో ఉన్న ఈ షాపులో బండిని రాగానే మిషను ఎక్కించలేదు. నాలుగు టైర్లలోనూ గాలి సరిచూసి, ముందు చక్రాలను జాకీతో లేపి, పక్కలా, పైనా కిందా పట్టుకుని ఊపి, స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే టై రాడ్ల ఎండ్లలో, చక్రాన్ని సస్పెన్షన్ ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్లలో ప్లే (వదులు) ఉందేమో పరీక్షించారు. మెకానిక్ అరచేతిని టైరు మీద అడ్డంగా రాసి చూసి, నా చేత కూడా రాయించారు. ఒక దిశలో నున్నగా జారిన చెయ్యి, వెనక్కి తెచ్చేటప్పుడు రంపపు పళ్లకు తగిలినట్టు గీసుకుంది. ఇది టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తేడా వల్ల వచ్చే అరుగుదల. క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం, ఒక్కటే కారణమైతే అంచు నున్నగానే అరుగుతుంది.

బండి ఎత్తు తగ్గినప్పుడు చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్ కోణం మారి చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. ఆర్మ్, టై రాడ్ ఒకే వలయంలో కదలవు కనుక దానితోపాటే టో కూడా మారుతుంది. అందరూ క్యాంబర్‌నే తిట్టుకుంటారు గానీ, టైరును త్వరగా తినేది టో. స్క్రీన్ మీద క్యాంబర్ ఎడమ పక్క మైనస్ 1.1, కుడి పక్క మైనస్ 1.3 డిగ్రీలు చూపింది (మైనస్ అంటే లోపలికి వాలినట్టు). ఈ కారుకు కంపెనీ ఇచ్చిన క్యాంబర్ సర్దుబాటు లేదని, టో మాత్రమే సరిచేయగలమని, వెనుక బీమ్ ఇరుసు కొలతలు చూడటం తప్ప చేసేదేమీ లేదని పని మొదలుపెట్టకముందే చెప్పారు. స్టీరింగ్‌ను మధ్యలో బిగించి, రెండు పక్కలా లాక్ నట్లు వదులు చేసి, టై రాడ్లను సమంగా తిప్పి టో సరిచేశారు. ఒక్క పక్కే తిప్పి ముగించే షాపుల్లో స్టీరింగ్ వంకరగా నిలవడం మామూలే. పనికి ముందు, తరువాత కొలతలున్న కాగితం అడగకుండానే చేతికిచ్చారు.

లోపాలు లేకపోలేదు. అడగకుండానే బ్యాలెన్సింగ్ బిల్లులో చేర్చారు. అరిగిన టైర్లనే లోపలి అంచు బయటికి వచ్చేలా రిమ్ముల మీద తిప్పి బిగిస్తామన్న సలహా నాకు నచ్చలేదు, ఎందుకంటే 1.6 మిల్లీమీటర్ల గుర్తుకు దిగిన టైరును ఎటు తిప్పినా మార్చక తప్పదు. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరికాస్త కూర్చుంటాయి కనుక అప్పుడు మళ్లీ కొలవాలన్న సంగతి కూడా నేను అడిగితేనే చెప్పారు.

కంపెనీ ఎత్తులోనే ఉన్న కారుకైతే ఊళ్లోని ఏ మంచి షాపైనా సరిపోతుంది, ఇంత దూరం రానక్కర్లేదు. ఇంతకంటే ఎక్కువ దించినవారు మాత్రం క్యాంబర్‌ను సర్దుకోనిచ్చే క్యాంబర్ బోల్టులు ముందే కొని తీసుకెళ్లాలి. అవి ఈ షాపులో ఉండవు, తెచ్చి ఇస్తే బిగించి కొలుస్తామన్నారు.