ఐదేళ్లు నమిలి చూశాక: నా నోటి మరమ్మతు

చివరి క్యాపు 2020 ఫిబ్రవరిలో అతికించారు. అంటే ఐదేళ్లు దాటింది. కొత్తలోనే రాసి ఉంటే పొగడ్త తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

మాది నల్లగొండ. మా తరంలో చాలామందికి ఫ్లోరైడ్ నీళ్లు పళ్ల మీద గోధుమరంగు చారలు మిగిల్చాయి. తోమితే పోయేవి కావవి, చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే ఎనామెల్‌లో పడ్డ మచ్చలు. ఎలాగూ అందంగా లేవు కదా అని నేను పళ్లను పట్టించుకోవడమే మానేశాను. చారలు నా పళ్లను ఊడగొట్టలేదు. చిగుళ్ల కింద పేరుకున్న గార ఊడగొట్టింది. దానికి పదేళ్ల షుగర్ తోడైంది. పొద్దున లేస్తే దిండు మీద నెత్తుటి మరక, నాలుకతో తోస్తే కదిలే పళ్లు.

మొదట వెళ్లిన చోట రెండు వారాల్లో మూడు రూట్ కెనాల్‌లు చేసి క్యాపులు తొడిగారు. చిగుళ్ల ఊసే ఎత్తలేదు. ఏడాది తిరగకముందే ఒక పన్ను క్యాపుతో సహా చేతికొచ్చింది. కూలుతున్న గోడకు సున్నం వేయించుకున్నానని అప్పుడు అర్థమైంది.

తర్వాత హైదరాబాద్‌లో చూపించుకున్నాను. ఆ డాక్టరు ముందు సన్నటి కొలత పుల్లతో ప్రతి పంటి చుట్టూ లోతు చూశారు. చిగురుకూ పంటికీ మధ్య సందు మూడు మిల్లీమీటర్లు దాటకూడదట. నాకు కొన్నిచోట్ల ఏడు, ఎనిమిది. ఎక్స్‌రేలో ఎముక సగానికి దిగిపోయి ఉంది. ‘‘మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) ఎనిమిది శాతం లోపుకు తెండి. అప్పటిదాకా ఇంప్లాంట్ మాట ఎత్తకండి’’ అన్నారు. ఇంప్లాంట్ అంటే పన్ను పోయిన చోట దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు. నా షుగర్ సగటు అప్పటికి 9.6. కోపం వచ్చింది కానీ, నాకు జరిగిన వైద్యంలో అత్యంత విలువైన మాట అదే.

గార తీయిస్తే పళ్లు కదులుతాయని మా అమ్మ అనేది. మత్తు ఇచ్చి చిగుళ్ల లోపలి దాకా శుభ్రం చేశాక రెండు వారాలు అమ్మ మాటే నిజమనిపించింది. చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది, పళ్ల మధ్య సందులు కనిపించాయి. అన్నాళ్లూ ఆ సందులను మూసి ఉంచింది గారే. వాపు తగ్గి చిగురు కిందికి దిగేసరికి అవి బయటపడ్డాయి. తర్వాత రెండు వైపులా చిగురు విప్పి శుభ్రం చేసి కుట్లు వేశారు. నాలుగు పళ్లు తీసేశారు, మూడు ఇంప్లాంట్లు పెట్టారు. అవి ఎముకతో అతుక్కోవడానికి నాలుగు నెలలు ఆగి, మొత్తం తొమ్మిది క్యాపులు వేశారు. పద్నాలుగు నెలలు, దాదాపు రెండు లక్షల నలభై వేలు, లెక్క తప్పేన్ని బస్సు ప్రయాణాలు. క్యాపుల రంగు ఎంచుకునేటప్పుడు మా ఆవిడ అడ్డుపడి కొంచెం పసుపు ఛాయవే వేయించింది. అందుకే ఇవి కట్టుడు పళ్లని ఎవరూ అనుకోరు.

ఇక వాడకం. జొన్నరొట్టె, మటన్ హాయిగా నములుతున్నాను. సహజమైన పంటి వేరు చుట్టూ ఉండే మెత్తటి పొర ఇంప్లాంట్‌కు ఉండదు. అందుకే ఎంత గట్టిగా కొరుకుతున్నామో సరిగా తెలియదు. మూడో సంక్రాంతికి సకినం కొరికి ఒక క్యాపు అంచు పగలగొట్టుకున్నాను. మొదటి చోట వేసిన లోహపు క్యాపు దగ్గర చిగురు పైకి జరిగి నల్లటి గీత కనిపిస్తోంది. నవ్వినప్పుడు నాకే తెలుస్తుందని మా ఆవిడ అంటుంది. నేను నమ్మను.

అసలు దెబ్బ లాక్‌డౌన్‌లో తగిలింది. మూడు నెలలకోసారి క్లీనింగ్‌కు రావాలని ముందే చెప్పారు. నేను ఏడాదికి పైగా వెళ్లలేదు. లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా వెళ్లలేదు, అది నా బద్ధకం. వెళ్లేసరికి ఒక ఇంప్లాంట్ చుట్టూ చిగురు ఉబ్బి, నొక్కితే చీము వస్తోంది. ఇంప్లాంట్‌కు పిప్పి పట్టదు, నిజమే. కానీ దాని చుట్టూ ఉన్న చిగురుకూ ఎముకకూ జబ్బు మామూలుగానే వస్తుంది. శుభ్రం చేసి దాన్ని నిలబెట్టారు. అప్పటినుంచి రాత్రిపూట పళ్ల సందుల్లో తిప్పే చిన్న బ్రష్ ఒక్కరోజు కూడా మానలేదు. ఐదు నిమిషాలు పడుతుంది, విసుగ్గానే ఉంటుంది. ఇంప్లాంట్ల కంటే నా నోటిని ఎక్కువగా కాపాడింది అదే.

పై దవడలో వెనక ఒక పంటి దగ్గర లోతు ఇంకా ఐదు మిల్లీమీటర్లు ఉంది. వచ్చే నెల మళ్లీ కొలుస్తారు. తగ్గకపోతే అదీ తీసేయాల్సి రావచ్చన్నారు.