‘ఇంకో పార్టీ ఉంది’ అని ఫోన్ వస్తే వెంటనే ధర పెంచకండి

ఇల్లు కొనే పనిలో ఉన్నవాళ్ళు జాగ్రత్త. మేం ఇరుక్కున్న చోట మీరు ఇరుక్కోకూడదనే ఇది రాస్తున్నాను.

ఇల్లు నచ్చింది, నా ధర ఫోన్‌లోనే చెప్పేశాను. మర్నాడు రాత్రి ఏజెంటు ఫోన్. "ఇంకో పార్టీ మీకన్నా ఎక్కువ చెప్పారండీ. ఓనర్ అటే మొగ్గుతున్నారు. పొద్దున్న తొమ్మిదిలోపు ఏదో ఒకటి చెప్తే మీ తరఫున మాట్లాడతాను." వాళ్ళెంత చెప్పారంటే, "అది చెప్పకూడదండీ" అన్నాడు. రాత్రంతా టెన్షన్. తెల్లారాక మూడు శాతం పెంచాను. రెండు రోజులకి మళ్ళీ అదే ఫోన్, అవే మాటలు. మళ్ళీ పెంచాను. ఆ పార్టీ నిజంగా ఉందో, లేక నా పాట మీద నేనే పాట పెంచుకున్నానో!

అసలు తప్పు అంతకుముందే జరిగింది. ఇల్లు చూసిన రోజే, అద్దె ఇల్లు రెండు నెలల్లో ఖాళీ చేయాలని, బ్యాంకు ఎంతవరకు లోన్ ఇస్తానందో కూడా కబుర్లలో చెప్పేశాను. అతనికి కమిషన్ ఇచ్చేది ఓనరన్న సంగతి అప్పుడు తట్టలేదు.

చివరికి "ఓనర్ ఒప్పుకున్నారు, అడ్వాన్స్ ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను. రసీదు అరకాగితం. నా పేరు, తేదీ, ఇచ్చిన మొత్తం, ఒక సంతకం. ఇంటి ధర లేదు. అగ్రిమెంట్ ఎప్పటిలోగా రాసుకోవాలో లేదు. లోన్ రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో లేదు. ఈలోగా ఇల్లు ఇంకెవరికీ చూపించకూడదన్న ముక్కా లేదు. ఆ కాగితాన్ని నమ్ముకుని లాయర్‌కి దస్తావేజులు చూపించాను, ఇంజనీరుతో గోడలూ పైకప్పూ పరీక్ష చేయించాను.

మూడో వారంలో ఇల్లు వేరేవాళ్ళకి ఖాయమైంది. నా ధర చూపించే తనతో బేరమాడారని ఆ ఖాయం చేసుకున్నాయనే తర్వాత నాతో చెప్పాడు. అడ్వాన్స్ తిరిగి రావడానికి నలభై రోజులు పట్టింది. లాయర్, ఇంజనీరు ఫీజులు పోయినట్టే. ఓనర్ ఎక్కువ ధర కోరుకోవడం తప్పని అనను, నేనైనా అదే చేస్తాను. కానీ నా ఆఫర్‌ని నిచ్చెన చేసుకునే వీలు నేనే ఇచ్చాను. నోటిమాటని రుజువు చేయడం ఎక్కడైనా కష్టమే కదా.

ఇప్పుడు ఆఫర్ ఏదైనా కాగితం మీదే, 48 గంటల గడువుతో. లోన్ శాంక్షన్, దస్తావేజుల పరిశీలన, ఇంటి తనిఖీ అందులో షరతులు. ఫ్యాన్లు, అల్మారాలు ఇంటితోపాటు వస్తాయా లేదా అన్నది కూడా రాస్తాను. ఓనర్ వేరే ధర చెప్తే నా పాత ఆఫర్ అక్కడితో అయిపోయినట్టే, కొత్తది వాళ్ళనే రాసిమ్మంటాను. ‘ఇంకో పార్టీ’ మాట వస్తే, "సరే, వాళ్ళతో కుదరకపోతే గడువులోగా చెప్పండి" అని ఫోన్ పెట్టేయడమే. మొదట్లో ఆ మాట నోట్లోంచి రాదు.

నిన్న అదే ఏజెంటు ఫోన్ చేశాడు. ఇల్లు ఖాయం చేసుకున్నవాళ్ళకి లోన్ రాలేదట. "మీ పాత ధరకే మాట్లాడదామండీ" అన్నాడు. ఏ పాత ధర అని అడిగితే, "మీరు చివర చెప్పిందే" అన్నాడు. నేను మొదట చెప్పిన ధర రాసి పంపాను. గడువుకి ఇంకా ఇరవై గంటలుంది.