డెబ్బై దాటినవాళ్ళు వంట చేసే ఇంటికి గ్యాస్ డిటెక్టర్: వాడి చూశాక

తెనాలిలో మా అమ్మ వంటింట్లో పెట్టించిన గ్యాస్ లీక్ డిటెక్టర్ గురించి రాస్తున్నాను. ప్లగ్‌లో పెట్టే రకం, లోపల బ్యాటరీ ఉన్నది, రెండు వేలలోపే వచ్చింది. కొనాలా అంటే, ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా వంట చేసుకుంటుంటే తప్పకుండా కొనండి. కాకపోతే ఎక్కడ బిగిస్తున్నారన్నది యంత్రం కన్నా ముఖ్యం. దాని గురించే ఎక్కువ చెప్తాను.

మా అమ్మకి డెబ్బై ఆరు. వీధి అరుగు మీద కూర్చుని ఎవరింట్లో గోంగూర మగ్గుతోందో, ఎవరు మెంతులు మాడ్చారో చెప్పేసేది. ఇప్పుడు కందిపప్పు ముక్క వాసన వేస్తున్నా తెలియట్లేదు. పిండి బాగా పులిసిపోయినా "బానే ఉందిగా" అంటుంది. చారులో ఇంగువ ఏటికేడు పెరుగుతోంది. ఒకరోజు నేను వెళ్ళేసరికి పాలు పొంగి మంట ఆరిపోయి ఉంది, బర్నర్‌లోంచి గ్యాస్ వస్తూనే ఉంది. గుమ్మంలోనే నాకు గుప్పుమంది. అమ్మ పొయ్యికి రెండు బారల దూరంలో కూర్చుని కరివేపాకు దూసుకుంటోంది. "వాసనేం రాలేదే" అంది. అబద్ధం కాదు, నిజంగానే రాలేదు.

దీన్ని అశ్రద్ధ అనకండి. ముక్కు పైభాగాన, కళ్ళ మధ్య ఎత్తులో, వాసన పట్టే చిన్న పొర ఉంటుంది. అందులోని నరాల కణాలు నేరుగా గాలికి తగులుతూ ఉంటాయి కాబట్టి త్వరగా చనిపోతాయి, వాటి స్థానంలో అడుగునున్న మూలకణాల నుంచి కొత్తవి పుడుతుంటాయి. వయసు మీద పడేకొద్దీ ఈ పుట్టుక మందగిస్తుంది. పొరలో అక్కడక్కడా ముక్కులో మిగతాచోట్ల ఉండే, వాసన పట్టని మామూలు పొర వచ్చేస్తుంది. ఆ కణాల తీగలు మెదడులోకి వెళ్ళేది జల్లెడలాంటి ఒక ఎముక రంధ్రాల గుండా. ఆ రంధ్రాలూ ఏళ్ళు గడిచేకొద్దీ ఇరుకవుతాయి. దీనికి తోడు జీవితమంతా వచ్చిన జలుబులు, సైనస్, పొగ, ఈమధ్య కోవిడ్. అమెరికాలో రిచర్డ్ డోటీ బృందం 1984లో వేయిమందికి పైగా మనుషుల్ని పరీక్షించి చూస్తే, 65 నుంచి 80 ఏళ్ళ వాళ్ళలో సగం మందికి పైగా, 80 దాటిన వాళ్ళలో ముప్పాతిక మందికి పైగా వాసన శక్తి బాగా తగ్గి ఉంది. చూపు తగ్గితే అక్షరాలు మసకేస్తాయి, మనిషికి తెలుస్తుంది. వాసన కొంచెం కొంచెంగా పోతుంది కాబట్టి పోయినవాళ్ళకే తెలియదు.

సిలిండర్‌లోని గ్యాస్‌కి సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటు రసాయనాన్ని కలుపుతారు. అంటే మన భద్రత మొత్తం ముక్కు మీదే పెట్టారు. ఆ ముక్కు పనిచేయని ఇంట్లో ఇంకేదైనా ఉండాలి కదా. వయసులో ఉన్నవాళ్ళకైనా అదే వాసనలో కాసేపుంటే ముక్కు అలవాటు పడిపోతుంది. నిద్రలో అయితే వాసనకి మెలకువ వస్తుందన్న నమ్మకం లేదు.

ఇక బిగించడం. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. అందుకే డిటెక్టర్ నేలకి అడుగు ఎత్తులో ఉండాలి. మన వంటిళ్ళలో ప్లగ్‌పాయింట్లన్నీ గట్టు పైన మిక్సీ కోసం ఉంటాయి. వచ్చిన ఎలక్ట్రీషియన్ "అక్కా, దీంట్లో పెట్టేస్తే సరిపోద్దిగా" అని మిక్సీ బోర్డు చూపించాడు. ఒప్పుకోలేదు. సిలిండర్‌కి కాస్త దూరంగా, ఎదుటి గోడకి కింద కొత్త పాయింట్ వేయించాను. సిలిండర్ గట్టు కింద తలుపులేసిన అరలో ఉంటే ఆ తలుపుకి అడుగున గాలి రంధ్రాలు పెట్టించండి, లేకపోతే అంతా లోపలే నిండుతుంది. పైపు గ్యాస్ ఉన్న ఇళ్ళ సంగతి పూర్తిగా వేరు. అది మీథేన్, తేలిక, పైకి పోతుంది. దానికి డిటెక్టర్ పైకప్పు దగ్గర ఉండాలి. కొనేటప్పుడు ఏ గ్యాస్‌కో అడిగి తీసుకోండి. పెట్టె మీద ఈఎన్ 50194 అని, ఇళ్ళలో వాడే గ్యాస్ డిటెక్టర్లకి యూరప్ వాళ్ళ ప్రమాణం ఉంటే మంచిది.

పని ఎలా చేస్తోందంటే, సిగరెట్ లైటర్‌ని వెలిగించకుండా దాని గ్యాస్ మాత్రం దగ్గరగా వదిలి చూశాను. కొన్ని క్షణాల్లోనే ఎర్రలైటు, వెంటనే మోత. సిలిండర్‌లో ఉండే బ్యూటేన్ గ్యాసే లైటర్‌లోనూ ఉంటుంది కాబట్టి, మోగుతుందో లేదో చూడటానికి ఈ పరీక్ష చాలు. పోపుకి, మిరపకాయల ఘాటుకి ఇప్పటిదాకా మోగలేదు. బొద్దింకల స్ప్రే కొడితే మోగింది. అలాంటి డబ్బాల్లో తోసే గ్యాస్ చాలావరకు ఇదే జాతి, దాన్ని లోపం అనలేను.

లోపం అంటే సైరన్. చెవులు చిల్లులు పడేంత కీచుగా ఉంది, కానీ పెద్దవాళ్ళకి ముందు వినపడకుండా పోయేది ఆ కీచు స్థాయే. పడకగది తలుపేసి ఫ్యాను పెడితే అమ్మకి సన్నగా వినిపించింది, నిద్రలో అయితే లేచేది కాదు. ఇలాంటివి చేసేవాళ్ళు మోతని కాస్త బొంగురుగా పెట్టాలి, ఎందుకంటే దీని అవసరం ఎక్కువున్నది పెద్దవాళ్ళకే. పక్కింటి పిన్నిగారికి మోత వినిపించి, ఏం చేయాలో చెప్పాను. ఫోన్‌కి కబురు పంపే రకాలూ ఉన్నాయి, పిల్లలు దూరాన ఉంటే అవి చూడండి.

మోగినప్పుడు అందరికీ వచ్చే మొదటి ఆలోచన ప్లగ్ పీకేయడం. అది చేయొద్దు. స్విచ్చులు, ప్లగ్గులు, ఫ్యాను ఏదీ ముట్టుకోకూడదు, గ్యాస్ అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికొచ్చి గ్యాస్ లీకులకి ఉన్న అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయాలి. పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. అమ్మ చేత నాలుగు రోజులు పాఠంలా చెప్పించుకున్నాను. "నేనేమన్నా చిన్నపిల్లనా" అని విసుక్కుంది కానీ చెప్పింది.

ముక్కు సంగతీ వదలొద్దు. ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ముక్కులో కండ పెరిగినా, సైనస్ వాచినా వైద్యం ఉంది. పార్కిన్సన్స్, అల్జైమర్స్ జబ్బులకి వాసన పోవడం తొలి గుర్తుల్లో ఒకటి కావచ్చు. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఒకటుంది: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలు రోజుకి రెండుసార్లు, పన్నెండు వారాలు పీల్చడం. కొందరికి కొంత మెరుగైంది. అమ్మ లవంగాల సీసాతో మొదలుపెట్టింది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది సైరన్‌కే. సెన్సర్ జీవితం డిటెక్టర్‌ని బట్టి ఉంటుంది, చాలావాటికి ఐదేళ్ళ చుట్టూ, కొన్న తేదీ డిటెక్టర్ మీదే మార్కర్‌తో రాసి పెట్టుకోండి.