పాత బండి ఇంజనుకు బోరింగ్: కొన్నేళ్లు నడిపాక నా అభిప్రాయం

పాత వంద సీసీ బండికి బోరింగ్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను గుండ్రంగా, కాస్త పెద్దగా కోయించడం) చేయించి, కొత్త పిస్టన్ వేసి కొన్నేళ్లయింది. రోజూ నడుపుతున్న బండి కాబట్టి గట్టిగానే చెప్పగలను: పడిన శ్రమకు పూర్తి ఫలితం దక్కింది. అందులో సగం, ఇంజను విప్పకముందు చేసిన పరీక్షల పుణ్యమే.

అప్పట్లో సైలెన్సర్ నుంచి నీలిపొగ వచ్చేది, ఎత్తు ఎక్కుతుంటే బండి నీరసపడేది, ఆయిల్ త్వరగా తగ్గిపోయేది. నీలిపొగ అంటే ఆయిల్ మండుతోందని అర్థం. అది ఎటునుంచి చేరుతోందో తెలియాలంటే పొగ ఎప్పుడు వస్తోందో గమనించాలి. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి ఆగినా, పల్లం దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పగానే గుప్పుమన్నా వాల్వు కాడ దగ్గర ఆయిల్‌ను ఆపే సీళ్లను, ఆ కాడ కదిలే గైడ్లను అనుమానించాలి. బరువు లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగులు (పిస్టన్ చుట్టూ సందు మూసేవి), బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి భాగం) చూడాలి. నా బండిది ఈ రెండో రకం.

అయినా పొగ ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. ఇంజను వేడెక్కాక ప్లగ్గు తీసి కంప్రెషన్ గేజి (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు) బిగించాను. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక కదలదనిపించేదాకా కిక్ కొట్టాను. యాక్సిలరేటర్ మూసి కొడితే గాలి సరిగా అందక మంచి ఇంజను కూడా తక్కువే చూపిస్తుంది. తర్వాత ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొడితే ముల్లు బాగా పైకి లేచింది. రింగుల చుట్టూ ఉన్న సందును ఆయిల్ కాసేపు మూసేసిందన్నమాట. లేవకపోతే లోపం వాల్వుల్లోనో హెడ్డు గ్యాస్కెట్‌లోనో వెతకాలి. ఇంత తేలికైన పరీక్ష చేయకుండానే ఇంజను విప్పేస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

బ్లాకు (సిలిండర్ ఉండే భాగం) తీస్తే బోరు పైభాగంలో గోటికి తగిలేంత గట్టు ఉంది. పై రింగు వెనుదిరిగేది అక్కడే. వేడి, ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ అందేది తక్కువ, అందుకే బోరు అన్నిచోట్లా ఒకేలా అరగదు. కాబట్టి బోరును పైన, మధ్యలో, కింద, ఒక్కో చోట రెండు దిశల్లో కొలవాలి. ఇలా అరిగిన బోరులో రింగులు మాత్రం మార్చితే చాలన్న సలహాను నేను ఒప్పుకోను. కోలగా అరిగిన గోడకు గుండ్రటి కొత్త రింగు ఆనదు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ కూడా లాగి చూశాను. పక్కలకు కొద్దిగా కదలడం సహజమే, నిలువుగా కదిలితే మాత్రం క్రాంకు పని కూడా ఉన్నట్టే.

ఓవర్‌సైజు పిస్టన్లు (అసలు కొలత కంటే లావువి) సాధారణంగా 0.25 మి.మీ. చొప్పున పెరుగుతూ వస్తాయి. పిస్టన్ చేతికి వచ్చాక, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టే బోరు కోయించాలి. నాకు 0.50 సరిపోయింది.

అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మే పని బ్లాకు కడగడం. బోరు కోశాక గోడ మీద సన్నటి గీతలు పడేలా రుద్దే హోనింగ్ రాయి పొడి ఆ గీతల్లో ఇరుక్కుంటుంది, కిరోసిన్‌తో తుడిస్తే పూర్తిగా పోదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, ఆయిల్ అద్దిన తెల్లగుడ్డతో తుడిచాను. మొదటిసారి గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. గుడ్డ తెల్లగానే ఉండేవరకు మళ్లీ మళ్లీ కడిగాను. ఆ పొడి మిగిలిపోతే కొత్త రింగులను అదే అరగదీస్తుంది.

బిగింపులో మామూలు జాగ్రత్తలే: రింగుల మీది గుర్తు పైకి, వాటి చివరల మధ్య సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా, పిస్టన్ పిన్నును పట్టి ఉంచే సర్‌క్లిప్పులు తప్పనిసరిగా కొత్తవి. మొదట్లో ఒకే వేగంతో నడపకుండా మార్చుతూ నడిపాను, తొలి ఆయిల్ త్వరగా మార్చాను.

ఇన్నేళ్ల తర్వాత పొగ లేదు, ఆయిల్ రెండు మార్పుల మధ్య చెప్పుకోదగ్గంత తగ్గడం లేదు, స్లోలో ఇంజను నిలకడగా ఆడుతోంది. అసంతృప్తులూ ఉన్నాయి. బ్లాకు కింది గ్యాస్కెట్ దగ్గర సన్నగా ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. ఇంజనుకు బలం తిరిగి వచ్చేసరికి అప్పటిదాకా నెట్టుకొచ్చిన క్లచ్ ప్లేట్లు జారడం మొదలైంది, వాటినీ మార్చాల్సి వచ్చింది. బోరింగ్ తలపెట్టేవారు క్లచ్, టైమింగ్ చైన్ కూడా అప్పుడే చూసుకోవడం మంచిది. ఈ మధ్య మళ్లీ కంప్రెషన్ చూస్తే బోరింగ్ తర్వాత వచ్చిన అంకె కంటే కొద్దిగానే తగ్గింది. ఈ మోడల్‌కు 0.75, 1.00 పిస్టన్లు కూడా దొరుకుతాయి, కాబట్టి అవసరమైతే ఈ బ్లాకుకే మరో బోరింగ్ చేయించుకోవచ్చు.